పోజు కూడా సాక్ష్యమే

తిరగబడే కుర్రకారును వాళ్ల ధ్యాసలో వాళ్లుండగా తీస్తేనే నిజమని, కెమెరా ముందు నిలబెడితే అది నాటకమైపోతుందని ఫొటోగ్రాఫర్లలో చాలామంది నమ్మకం. కార్ల్‌హైన్జ్ వైన్‌బెర్గర్ తీసిన నలుపు తెలుపు ఫొటోల ముందు ఆ నమ్మకం నిలవదు. జూరిచ్‌లో ఒక కర్మాగారం గోదాములో ఆయన ఉద్యోగం. పని వేళలు ముగిశాకే ఫొటోగ్రఫీ. పెద్దలు పోకిరీలని ఈసడించిన ఆ ఊరి పిల్లలను 1958 నుంచి ఇంటికి రప్పించుకుని ఫొటోలు తీశాడు. ‘రెబెల్ యూత్’ పేరుతో 2011లో పుస్తకంగా వచ్చిన ఆ ఫొటోల్లో ముఖాల కంటే ముందు బెల్టులే కళ్లబడతాయి. అరచేతి కంటే వెడల్పైన బకిల్, దాని మీద ఎల్విస్ ప్రెస్లీ ముఖం. జీన్స్‌కు జిప్పు ఉండాల్సిన చోట నట్లు, బోల్టులు. రంగు లేకపోవడంతో జీన్స్ నీలం వెనక్కి తగ్గి, ఆ ఇనుము మెరుపే పైకి తేలింది. ఇంట్లోనూ పనిలోనూ మాట చెల్లని పిల్లలు తమ మాటను ఆ బెల్టు మీదే చెల్లించుకున్నారు. దాన్ని నిండుగా చూపించుకోవాలంటే కదలకుండా నిలబడాలి. అంటే పోజు పెట్టాలి.

పోజు లేని ఫొటోకు ఉదాహరణగా బ్రూస్ డేవిడ్‌సన్‌ను చూపుతారు. 1959లో బ్రూక్లిన్‌లో ‘జోకర్స్’ అనే ముఠా వెంట తిరిగి తీసిన ఆయన ఫొటోలు గొప్పవే. అయితే వాటిలో బాగా పేరొచ్చిన దాంట్లో ఏముంది? సిగరెట్లమ్మే యంత్రం అద్దంలో చూసుకుంటూ ఒక అమ్మాయి జుట్టు సర్దుకుంటోంది. పక్కన కుర్రాడు చొక్కా చెయ్యి మడుచుకుంటున్నాడు. కెమెరాను పట్టించుకోకపోయినా, ఎవరికో కనబడడానికే ఇద్దరి తయారీ.

వైన్‌బెర్గర్ ఫొటోల మీద ఇంకో అభ్యంతరం గట్టిది. సుఖంగా బతుకుతున్న దేశంలో అమెరికా సినిమాలు చూసి వేసిన వేషమే కదా, ఇందులో తిరుగుబాటెక్కడిది అని. బొమ్మలు అమెరికావే, కాదనలేం. కానీ ఆ బకిళ్లు వాళ్లు సొంతంగా చేసుకున్నవి. పైగా స్విట్జర్లాండ్‌లో జాతీయ ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు దక్కింది 1971లో. అలాంటి సమాజంలో అబ్బాయిలతో సమానంగా జీన్స్ తొడిగి నిలబడ్డ అమ్మాయిని వేషం కింద కొట్టిపారేయడం తొందరపాటు.

వైన్‌బెర్గర్ ఫొటోల్లో నిజమైన లోటు వేరే ఉంది: ఆ పిల్లల గొంతు మనకు వినబడదు. చికాగో మోటార్‌సైకిల్ ముఠాలో తానూ సభ్యుడిగా చేరిన డానీ లయన్, 1968లో తెచ్చిన ‘ది బైక్‌రైడర్స్’లో వాళ్ల మాటలను టేపు చేసి ఫొటోలతో పాటు అచ్చేశాడు. మన దగ్గర ఇలాంటి పుస్తకం తలపెట్టేవారికి ఒకటే విన్నపం. కుర్రాణ్ణి తనకు నచ్చినట్టు నిలబడనివ్వండి. ఆ జుట్టు అలా ఎందుకు కత్తిరించుకున్నాడో అతని నోటే చెప్పించి రికార్డు చేయండి. ఫొటో, మాట రెండూ చూసి అతను సరేనన్నాకే అచ్చుకివ్వండి.