డాక్టరేటు చదువుకు పొలం తాకట్టు పెట్టవలెనా?



"మా అబ్బాయికి అమెరికాలో మేనేజ్‌మెంటు డాక్టరేటుకు సీటు వచ్చినదని ఏజెంటు చెప్పుచున్నాడు. ముప్పై అయిదు లక్షలు కట్టవలెనట. ఎకరంన్నర కొబ్బరితోట ఉన్నది. బ్యాంకులో పెట్టమంటారా, అమ్మివేయమంటారా?" ఇట్టి ప్రశ్న కోనసీమ నుండి, నరసాపురం వైపు నుండి మాకు తరచుగా వచ్చుచున్నది. అడుగువారు వేరైనను తోట, బ్యాంకు, ఏజెంటు అనే మూడు మాటలు మాత్రము మారుట లేదు.

మా జవాబు ముందే చెప్పుచున్నాము. పేరున్న అమెరికా విశ్వవిద్యాలయములో మేనేజ్‌మెంటు శాస్త్రములో పూర్తికాలపు పిహెచ్.డి. సీటు నిజముగా వచ్చినవానిని సాధారణముగా విశ్వవిద్యాలయమే పోషించును. ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా భత్యము ఇచ్చి, చాలా చోట్ల ఆరోగ్య బీమా కూడ కట్టును. ముప్పై అయిదు లక్షలు తెమ్మన్నారంటే అది బహుశా వేరే చదువు. ఎం.ఎస్. కావచ్చును. డి.బి.ఎ. అను మరియొక డాక్టరేటు కూడ కావచ్చును. అది ఉద్యోగములో ఉన్న పెద్ద మేనేజర్లు తమ డబ్బుతో చదువుకొనునది. దానిలో తప్పు లేదు గాని, ఇరవై మూడేళ్ల పిల్లవాని కొరకు తోట అమ్మి కొనవలసినది కాదు. అవి రెండును కాకపోయిన యెడల ఇంకను భయపడవలెను.

విశ్వవిద్యాలయము ఎందుకు ఎదురు డబ్బిచ్చునని మీరు అడుగవచ్చును. ఎందుకనగా పిహెచ్.డి. విద్యార్థి అక్కడ సగము విద్యార్థి, సగము పనివాడు. ఆచార్యుని పరిశోధనలో లెక్కలు చేయును, చిన్న తరగతులకు పాఠము చెప్పును, పేపర్లు దిద్దును. అందుకే ఒక్కొక్క శాఖలో ఏటా ఇద్దరు ముగ్గురినో, నలుగురినో మాత్రమే తీసుకొందురు. సీట్లు అంత తక్కువగా ఉన్నచోట ఏజెంటు "నేను ఇప్పించెదను" అనుట ఎట్లు సాధ్యము?

ఇంతకు ఈ శాస్త్రమేమిటి? మేనేజ్‌మెంటు అనగానే కోటు, టై, ఆఫీసు గది గుర్తుకు వచ్చును. కాని మేనేజ్‌మెంటు శాస్త్రము చాలా వరకు లెక్కల శాస్త్రము. రావులపాలెం అరటి మార్కెట్టులో నాలుగు లారీలు ఉన్నవి, నాలుగు ఊళ్లకు వెళ్లవలెను అనుకొనండి. ఏ లారీని ఏ ఊరికి పంపిన కిరాయి తక్కువగును? ఇరవై నాలుగు విధములుగా పంపవచ్చును, కాగితము మీద లెక్క వేయవచ్చును. లారీలు పది, ఊళ్లు పది అయిన యెడల 36,28,800 విధములు. గుమాస్తా జీవితమంతా కూర్చున్నను తేలదు. దానిని తేల్చు ఉపాయములు కనిపెట్టుటే ఈ శాస్త్రము. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో సైన్యముల పనికై ఇది ఎదిగినది. 1947లో జార్జి డాంట్జిగ్ అను అమెరికా గణితవేత్త కనిపెట్టిన సింప్లెక్సు పద్ధతితో దీనికి గట్టి పునాది పడినది. ధవళేశ్వరము నుండి కాలువలకు నీరు వంతులు వేయుట, రొయ్యలకు ఐసు కరగకముందే బండి చేర్చుట, మిల్లులకు ధాన్యము పంచుట, ఇవన్నియు దీని లెక్కలే.

ఈ లారీల లెక్కతో కట్టా గోపాలకృష్ణమూర్తి గారి పేరు ముడిపడి ఉన్నది. ఆయన మద్రాసు విశ్వవిద్యాలయములో బి.ఎస్‌సి. చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గణాంకశాస్త్రము నేర్చుకొని, 1968లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆపరేషన్స్ రిసెర్చిలో డాక్టరేటు పొందిరి. తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయములో ఆచార్యులైరి. 1968లోనే ఆయన ప్రకటించిన పద్ధతి అన్నిటికంటె చవకైన ఏర్పాటుతో ఆగక, దాని తరువాతది, ఆ తరువాతది వరుసగా చెప్పును. మొదటి దారిలో ఏటిగట్టు తెగినది, లారీ వెళ్లలేదు, మరి రెండవది ఏది? గోదావరి వరదలు చూచినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. రాడారు తెర మీద ఏ చుక్క ఏ విమానమో గుర్తించుటకు కూడ తరువాతి కాలములో దీనిని వాడిరి.

మన తెలుగువారు పరదేశములో డాక్టరేటు పొందిన తీరు చూచినను, పని చేయుచు చదివినవారే కనబడుదురు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివినవారు. కేంబ్రిడ్జికి వెళ్లినది అక్కడి మ్యూజియములోని పురాతన అస్థిపంజరముల కొలతలను లెక్కగట్టు పనికి. ఆ పని చేయుచునే 1948లో డాక్టరేటు పొందిరి. భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి పయనపు ఖర్చుకు మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పడిరి గాని, బోస్టనులో దిగిన తరువాత ఆయన ఆసుపత్రిలో రాత్రి కూలిగా పని చేసిరి. 1930లో డాక్టరేటు చేతికి వచ్చినది.

మోసపోయిన కథలు కూడ ఉన్నవి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ అను విశ్వవిద్యాలయమును అమెరికా అధికారులు మూసివేసిరి. చదువు నామమాత్రము, వీసా కాగితములే అక్కడి వ్యాపారము. విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగు పిల్లలు మిక్కుటముగా ఉండిరి. కొందరి కాళ్లకు జాడ తెలుపు పరికరములు తగిలించిరి. నడిపిన స్త్రీకి 2014లో పదహారేండ్లకు పైగా శిక్ష పడినది. 2019లో ఫార్మింగ్‌టన్ పేరుతో అధికారులే వల పన్ని పెట్టిన దొంగ విశ్వవిద్యాలయములో మరల మన పిల్లలే అనేకులు చిక్కుకొనిరి. ఆ ఇండ్లలో తాకట్టు కాగితములు మాత్రము నిజమైనవే.

కాబట్టి ఒక చిన్న పరీక్ష చెప్పెదము. సీటు నిజమైన యెడల ఐ-20 అను కాగితము వచ్చును. దానిలో ఒక వైపు ఏడాదికి అగు ఖర్చు, మరియొక వైపు ఆ డబ్బు ఎవరు ఇచ్చుచున్నారో వ్రాసి ఉండును. విశ్వవిద్యాలయము ఇచ్చునది అను గడి ఖాళీగా ఉండి, కుటుంబము అను గడిలో పెద్ద మొత్తము కనబడిన యెడల పొలం కాగితములు పెట్టెలోనే ఉంచండి. ఇంగ్లీషు రాకపోయినను అంకెలు చదువగలరు గదా.

ఇక డబ్బు కంటె కష్టమైన సంగతి. ఈ చదువు సుమారు అయిదేండ్లు. మొదటి రెండేండ్లు పాఠములు, పిమ్మట అర్హత పరీక్ష, అది తప్పినవారు వెనుకకు రావలసి వచ్చును. ఆ తరువాత సిద్ధాంత గ్రంథము. ఇంటివద్ద బంధువులు "మీవాడింకను చదువుచునే ఉన్నాడా?" అని ప్రతి పెండ్లిలోను అడుగుదురు. భత్యము ఒక్కరికి సరిపోవును, ఇంటికి పంపుటకు మిగులునది స్వల్పము. పెండ్లి చేసి పంపిన యెడల ఎఫ్-2 వీసా మీద వెళ్లిన భార్యగాని భర్తగాని అక్కడ ఉద్యోగము చేయకూడదు. ఆడపిల్ల విషయములో ముందు పెండ్లి అను తొందర వలన ఎన్నో మంచి దరఖాస్తులు అసలు పోస్టు కాకుండనే ఆగిపోవుచున్నవని మా అభిప్రాయము.

ఎం.బి.ఏ. చేసినంత మాత్రమున ఈ తలుపు తెరుచుకొనదు. వారు చూచునది లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, కంప్యూటరు ప్రోగ్రాములు. కాకినాడలో బి.టెక్. చేసినవాడు, రాజమండ్రిలో ఎం.ఎస్‌సి. గణితము చదివిన అమ్మాయి ఇందుకు ఎక్కువ తగినవారు. ఈ మాట మన కళాశాలలలో ఎవరును చెప్పుట లేదు.

దూరదేశమే వెళ్లవలెనని లేదు. ఐ.ఐ.ఎం.లలో ఈ చదువునకు ఫీజు లేకుండ భత్యమిచ్చు పద్ధతి ఉన్నది. పూర్వము దానిని ఫెలో అనిరి, 2017 నాటి చట్టము తరువాత పిహెచ్.డి. పట్టాయే ఇచ్చుచున్నారు. 2015లో ప్రారంభమైన విశాఖపట్నము ఐ.ఐ.ఎం. మనకు ఒక రాత్రి రైలు దూరము కూడ లేదు. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు ఒహాయోలో ఎం.ఎస్. చేసినను, డాక్టరేటు ఆంధ్ర విశ్వవిద్యాలయములోనే పొందిరి. 2008 నుండి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండిరి.

మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు రుణముపై వడ్డీ భరించిన పఢో పరదేశ్ పథకమును, పరిశోధకులకిచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును కేంద్ర ప్రభుత్వము 2022లో నిలిపివేసినది. వాటి పేరు చెప్పి ఫారములు అమ్మువారిని నమ్మకండి.

అమెరికా దరఖాస్తులకు గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలలలో ముగియును, చదువు మరుసటి ఆగస్టులో మొదలగును. మూడు సిఫారసు ఉత్తరములు కావలెను. పిల్లవానిని ఎరిగిన లెక్కల మాస్టారు వ్రాసినది ఒకటైనను ఉండవలెను. దసరా సెలవులకు ఇంటికి వెళ్లకముందే ఆయనను కలిసి అడుగుట మంచిది.