గోదావరికి మూడు హెచ్చరికలు – మందుల బీరువాకు ఒక్కటీ వద్దా?



వర్షాకాలం వచ్చిందంటే భద్రాచలంలో చిన్నా పెద్దా అందరి నోటా మూడు అంకెలు వినిపిస్తాయి: 43, 48, 53. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. ఎగువన కాళేశ్వరం, పేరూరుల దగ్గర మట్టం ఎంత ఉందో చూసి, ఆ నీరు మన దగ్గరికి ఎప్పుడు చేరుతుందో ముందే లెక్క కడతారు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. వరదను మనం ఆపలేము. కాని అది ఇంటి గడప తొక్కకముందే దాని సంగతి తెలుసుకోగలుగుతున్నాము. కొలత, లెక్క, ప్రకటన – ఈ మూడూ కలిసి ఎన్నో ప్రాణాలను కాపాడుతున్నాయి.

ఇప్పుడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని మందుల బీరువా సంగతి చూద్దాం. అందులోని మట్టం కూడా రోజూ పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. కాని అది ఎప్పుడు అడుగంటుతుందో మనకు ఎవరు చెబుతారు? చీటీ పట్టుకొని కిటికీ దగ్గర నిలబడినప్పుడు "ఈ మందు లేదు" అన్న మాట వింటేనే తెలుస్తుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు లోపలి గూడేలనుంచి నడిచి, ఆటో ఎక్కి, బస్సు ఎక్కి వచ్చిన మనిషికి ఆ మాట అంటే ఒక రోజు కూలి పోయినట్లే. "మళ్ళీ రండి" అంటారు. ఎప్పుడు రావాలి? దానికి జవాబు ఉండదు.

మందు లేకపోవడం ఒక కష్టం. ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం రెండవ కష్టం. మొదటిది ఒక్కొక్కప్పుడు ఎవరి చేతిలోనూ ఉండదు. రెండవది మాత్రం ఒక సుద్దముక్కతో, ఒక నల్లబల్లతో తీరేది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

క్షయ మందుల సంగతి

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2024 మార్చి 18వ తేదీన కేంద్ర ప్రభుత్వ క్షయ విభాగం అన్ని రాష్ట్రాలకూ ఒక లేఖ రాసింది. క్షయ మందుల సరఫరా ఆలస్యం కావచ్చుననీ, మూడు నెలలకు సరిపడా మందులను రాష్ట్రాలే స్థానికంగా కొనుక్కోవాలనీ దాని సారాంశం. అంతకుముందు 2023లో, మామూలు మందులకు లొంగని మొండి క్షయకు వాడే కొన్ని మందులకు కొరత వచ్చింది.

క్షయకు మందు ఆగితే ఏమవుతుంది? మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిపి ఇస్తారు. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ మినహా మిగిలిన మూడు. మొదటి వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. కాని ఊపిరితిత్తుల్లో కొన్ని సూక్ష్మజీవులు ఇంకా దాగి ఉంటాయి. మందు మధ్యలో ఆగితే అవి మళ్ళీ విజృంభిస్తాయి. వాటిలో మందును తట్టుకోగలిగినవి మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం మీ జీవశాస్త్ర పుస్తకంలో ఉందే, అదే ఇక్కడా జరుగుతుంది. అలా మొండికెత్తిన క్షయ దగ్గు ద్వారా ఇంట్లోవారికీ, పక్క ఇంటివారికీ సోకవచ్చు. ఒక గూడెంలో ఒకరి మాత్రలు ఆగితే అది ఆ ఒక్కరి సమస్యగా మిగలదు.

మందు నడిచి వచ్చే దారి

కొరత ఎందుకు వస్తుంది? మాత్ర మన చేతికి రావడానికి ముందు చాలా దూరం నడుస్తుంది. ముడి రసాయనం ఒక చోట తయారవుతుంది. మన దేశం దిగుమతి చేసుకునే మందుల ముడిసరుకులో ఎక్కువ భాగం చైనానుంచే వస్తుంది. మాత్ర మరొక చోట తయారవుతుంది. తరువాత నాణ్యత పరీక్ష, టెండరు, జిల్లా గిడ్డంగి, ఆరోగ్య కేంద్రం, చివరకు ఆశా కార్యకర్త సంచి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా చివరి మనిషికి మందు అందదు.

కొన్ని మందులను తొందరపెట్టడం కూడా సాధ్యం కాదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ ఒక మొక్కనుంచి తీసేది. 2004లో ప్రపంచమంతటా దీనికి గిరాకీ ఒక్కసారిగా పెరిగి కొరత వచ్చింది. డబ్బు ఉన్నా ఏం లాభం? విత్తనం వేసి, మొక్క పెరిగి, ఆకు కోసేదాకా ఆగవలసిందే. పాము కాటుకు ఇచ్చే విరుగుడూ అంతే. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తారు. వాటి రక్తంలో విరుగుడు తయారయ్యాక ఆ రక్తాన్ని తీసి శుద్ధి చేస్తారు. దీనికి నెలలు పడుతుంది. ఆ విషంలో అధిక భాగం చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుల తెగవారి సహకార సంఘంనుంచే వస్తుంది.

ధనిక దేశాలకూ ఈ బాధ తప్పదు. 2022 చివర గుజరాత్‌లోని ఒక కర్మాగారంలో తనిఖీ జరిగి, లోపాలు బయటపడి ఉత్పత్తి ఆగింది. అమెరికాలో వాడే సిస్‌ప్లాటిన్ అనే కాన్సరు మందులో సుమారు సగం అక్కడిదే. 2023లో అమెరికా ఆసుపత్రులు ఆ మందు కోసం వెతుక్కోవలసి వచ్చింది.

బీరువాకు ప్రమాద హెచ్చరిక

ఇంత పొడవైన దారి ఉన్నప్పుడు ముందుచూపు ఒక్కటే ఉపాయం. దీనికి పెద్ద గణితం అక్కరలేదు. ఒక ఆరోగ్య కేంద్రంలో రోజుకు 20 ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఖర్చవుతాయని అనుకుందాం. కబురు పంపిన 15 రోజులకు సరుకు వస్తుంది. అంటే ఆ లోపల 20 × 15 = 300 పొట్లాలు కావాలి. అనుకోని ఆలస్యానికి ఇంకో పది రోజుల నిల్వ, 200. మొత్తం 500. బీరువాలో 500 మిగిలినప్పుడే కబురు పంపాలి. అదే దాని మొదటి ప్రమాద హెచ్చరిక.

ఇప్పుడు జూలై నెల వేసుకోండి. విరేచనాలు పెరిగి రోజుకు 40 పొట్లాలు ఖర్చవుతున్నాయి. వాగులు పొంగి సరుకు రావడానికి 25 రోజులు పడుతుంది. 40 × 25 = 1000. పది రోజుల నిల్వ 400. మొత్తం 1400! వేసవిలో నిండుగా కనిపించిన బీరువా వానల్లో దాదాపు ఖాళీ కింద లెక్క. 2022 వరదలప్పుడు భద్రాచలం వంతెనమీదే రాకపోకలు ఆపవలసి వచ్చింది. పాము కాట్లు ఎక్కువయ్యేదీ ఈ నాట్ల రోజుల్లోనే. కనుక మన ప్రాంతానికి మేలోనే నిల్వలు చేరాలి.

మందు రాగానే కొరత తీరిందని కూడా అనుకోకూడదు. పది రోజులుగా ఎదురుచూస్తున్నవారంతా మొదటి రోజే వస్తారు. వచ్చిన పెట్టె రెండు రోజుల్లో ఖాళీ కావచ్చు. అందుకే "వచ్చింది" అని చెబితే చాలదు. ఎంత వచ్చింది, ఎన్ని రోజులకు సరిపోతుంది అనేది కూడా చెప్పాలి.

"లెక్క బయటపెడితే జనం భయపడి ఎగబడరా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. అందులో కొంత నిజం ఉంది. 2021లో కరోనా రెండవ విజృంభణలో రెమ్‌డెసివిర్ కోసం ఎంత వెంపర్లాట జరిగిందో, నల్లబజారు ఎలా నడిచిందో చూశాము. కాని నా ఉద్దేశంలో జనాన్ని ఎక్కువగా భయపెట్టేది ఏమీ తెలియకపోవడమే. "లేదు" అన్న మాట పక్కన ఒక తేదీ ఉంటే మనిషి కుదుటపడతాడు. ఆ లోపల ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో కూడా రాస్తే అక్కడికి వెళతాడు. గోదావరి మట్టం చెప్పినందుకు భద్రాచలం ప్రజలు పిచ్చెత్తి పరుగులు తీయలేదు. సామాను సర్దుకొని మిట్టకు చేరారు.

"కంప్యూటర్లలో అంతా ఉంది కదా" అని ఇంకొందరు అంటారు. నిజమే, మన రాష్ట్రంలో మందుల నిల్వలకు ఈ-ఔషధి అనే కంప్యూటరు పద్ధతి ఉంది. అయితే కిటికీ దగ్గర నిలబడిన తల్లికి ఆ తెర కనిపించదు. అమెరికాలో 2012లో చేసిన చట్టం ప్రకారం ముఖ్యమైన మందుల ఉత్పత్తి ఆగేటట్లుంటే కంపెనీలు ప్రభుత్వానికి ముందే తెలపాలి. కొరత ఉన్న మందుల జాబితాను అక్కడ ఎవరైనా చూడవచ్చు. మన దేశంలోనూ 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ఉంది. అత్యవసర మందుల జాబితాలోని మందు తయారీ మానుకోదలచిన కంపెనీ కనీసం ఆరు నెలల ముందు బహిరంగంగా ప్రకటించాలని అది చెబుతుంది. కంపెనీ ఆరు నెలల ముందు చెప్పాలన్నప్పుడు, ఆరోగ్య కేంద్రం ఆరు రోజుల ముందు చెప్పడం న్యాయమే కదా!

మీరు చేయగలిగినది

మీ బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రలతో మొదలుపెట్టండి. ఎంతమంది పిల్లలున్నారు? ఎన్ని మాత్రలు మిగిలాయి? ఎన్ని వారాలకు వస్తాయి? ఉపాధ్యాయుల అనుమతితో ప్రతివారం లెక్కించి గ్రాఫు గీయండి. గీత ఏ వారంలో సున్నాను తాకుతుందో చూసి ప్రధానోపాధ్యాయులకు ముందే చెప్పండి.

ఇంట్లో ఎవరైనా క్షయకో, రక్తపోటుకో, మధుమేహానికో మందులు వాడుతుంటే, వారం రోజుల మాత్రలు మిగిలి ఉండగానే గుర్తుచేయండి. ఆరోగ్య కేంద్రంలో మందు లేదంటే కోపగించుకోకండి. అక్కడి ఫార్మసిస్టు, నర్సు ఆ గొలుసులో చివరి లంకె మాత్రమే. మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి: "ఎప్పుడు వస్తుందండీ? అప్పటిదాకా ఎక్కడ దొరుకుతుందండీ?" అందరూ ఆ రెండు ప్రశ్నలే అడుగుతుంటే, జవాబును గోడమీద రాయడమే సులువని వారికీ తోస్తుంది.

ఆ బోర్డుమీద నాలుగు గళ్ళు చాలు: మందు పేరు, ఉన్న నిల్వ, ఎన్ని రోజులకు వస్తుంది, మళ్ళీ వచ్చే తేదీ. మీ ఊరి గ్రామసభలో పెద్దలచేత ఈ మాట అడిగించండి.