నాలుగింట నొక పాలు

బి.కొత్తకోటలో పదవతరగతి చదువు బాలికలు “అనువంశికత” యను పాఠమును వల్లించుట వినియుందురు. ఆస్ట్రియా దేశపు సన్న్యాసి మెండెల్ 1866లో ప్రకటించిన బఠాణీల లెక్కయే దానికి మూలము. 7324 గింజలలో 5474 గుండ్రనివి, 1850 ముడుతలు పడినవి. మూడున కొకటి యని పిల్లలు కంఠస్థము చేయుదురు. అర్థమడిగినచో “నలుగురు బిడ్డలలో నొకరికి వచ్చు”నందురు. ఇచ్చటనే చిక్కు.

రెండు గిన్నెలు తెచ్చి, ఒక్కొక్కదానిలో ఒక నల్లని చింతగింజను, ఒక అరగదీసిన తెల్లగింజను వేయుడు. గిన్నెలు తల్లిదండ్రులు, గింజలు జన్యువులు. నలుపున్నచోట తెలుపు దాగును గనుక నలుపు బహిర్గతము, తెలుపు అంతర్గతము. బాలికచే కన్నులు మూయించి గిన్నె కొక గింజ తీయింపుడు. రెండును తెల్లవైనచో తలసీమియా వంటి రోగము. ఒకటి మాత్రమే తెల్లదైనచో బిడ్డ ఆరోగ్యముగనే యుండి వాహకుడగును. పిదప గింజలను మరల గిన్నెలలో వేయవలెను. పాఠమంతయు నీ మరల వేయుటలోనే యున్నది! కాన్పు కాన్పునకు నదే నాలుగింట నొక పాలు. తొలిబిడ్డ రోగి యయ్యెను గాన తక్కినవారికి భయము లేదనుకొనుట వట్టి భ్రమ.

మన సీమలో మేనమామకు పిల్లనిచ్చు వాడుక కలదు గదా. మామకును కోడలికిని జన్యువులలో సగటున నాలుగవ పాలు ఉమ్మడి. మేనత్తకొడుకైనచో ఎనిమిదవ పాలు. కావున నొకే తెల్లగింజ రెండు గిన్నెలలోను చేరుట కవకాశము హెచ్చు. కోడలి కడుపే మంచిది కాదను అత్తగారికి సయితము ఈ గిన్నెలను చూపవచ్చును: మగని గిన్నెనుండియు తెల్లగింజ రానిదే ఈ రోగము లేదు. తలసీమియా వాహకులెవ్వరో పెండ్లికి ముందే రక్తపరీక్షవలన తెలియును. పరీక్ష వధూవరు లిరువురికిని చేయింపవలెను.