పంప్ ఉన్నా పెన్ను దగ్గరుండాలి

టైప్-1 మధుమేహం ఉన్నవారు పెన్నుతో ఇన్సులిన్ తీసుకునేటప్పుడు సాధారణంగా రెండు రకాలు వాడతారు. ఒకటి రోజంతా నెమ్మదిగా పనిచేసేది, రెండోది భోజనానికి ముందు తీసుకునేది. ఇన్సులిన్ పంపులో రెండో రకం ఒక్కటే ఉంటుంది. త్వరగా పనిచేసి, త్వరగా తరిగిపోయే ఆ ఇన్సులిన్‌నే పంప్ చుక్క చుక్కగా చర్మం కిందికి పంపుతుంది. షుగరును అంత సున్నితంగా అదుపు చేయగలగడం ఈ ఏర్పాటు వల్లే. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. సరఫరా ఆగితే శరీరంలో చెప్పుకోదగిన నిల్వ ఉండదు. కొద్ది గంటల్లోనే కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చడం మొదలుపెడుతుంది, రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది. రాత్రి పడుకునేముందు కాన్యులా, అంటే చర్మం కింద ఉండే సన్నని గొట్టం, ఊడితే తెల్లారేసరికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలుకావచ్చు. డయాబెటిక్ కీటో అసిడోసిస్ అంటే ఇదే. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది.

సరఫరా ఆగడానికి పెద్ద లోపమేమీ అక్కర్లేదు. చర్మం కింద కాన్యులా మడత పడవచ్చు, ట్యూబులో గాలి బుడగ చేరవచ్చు, ఒకేచోట పదేపదే గుచ్చడంతో గట్టిపడిన కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పీల్చుకోకపోవచ్చు. కాన్యులా, ట్యూబు కలిసిన సాధారణ సెట్టును రెండు మూడు రోజులకోసారి మార్చాలన్న నియమం అందుకే. తెలుగు నేలపై వేసవిని కూడా ఈ జాబితాలో చేర్చుకోవాలి. కోస్తా ఉక్కపోతలో చెమటకు కాన్యులాను పట్టి ఉంచే అతుకు వదులవుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఎండలో తిరిగితే పంపులోని ఇన్సులిన్ చెడి, సత్తువ కోల్పోవచ్చు.

ఏదైనా తేడా వస్తే అలారం మోగుతుందన్న నమ్మకమే అన్నిటికంటే ప్రమాదకరం. దారి మూసుకుపోయిందని పంప్ గుర్తించేది ట్యూబులోని ఒత్తిడిని బట్టే. గంటకు అతి తక్కువ మోతాదు వెళ్లే చిన్నపిల్లల్లో ఆ ఒత్తిడి పెరగడానికి గంటలు పడుతుంది. కాన్యులా పూర్తిగా బయటికి వచ్చేస్తే ఒత్తిడి అసలే ఉండదు. ఇన్సులిన్ బట్టలపాలవుతున్నా పంప్ లెక్కలో అది శరీరంలోకి వెళ్లినట్టే. షుగరు సెన్సరును చూసి మోతాదును తానే మార్చుకునే కొత్త పంపులదీ ఇదే పరిస్థితి. ఇచ్చానని లెక్కేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో ఇంకా ఉందనుకుని అవి తర్వాతి మోతాదును తగ్గించవచ్చు. తెర మీది అంకెను నమ్మి కూర్చుంటే విలువైన సమయం చేజారుతుంది.

కాబట్టి నియమం సూటిగా ఉండాలి. కారణం తెలియకుండా షుగరు 250 మిల్లీగ్రాములు దాటి, పంపుతో ఇచ్చిన దిద్దుబాటు మోతాదుకు గంట రెండు గంటల్లో దిగకపోతే కీటోన్లు చూడాలి. వికారం ఉంటే అంతసేపు కూడా ఆగకూడదు. రక్తంలో కీటోన్లు లీటరుకు 0.6 మిల్లీమోల్ లోపు ఉంటే సాధారణం. 1.5 దాటితే ప్రమాద సూచన, 3 దాటితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కీటోన్లు పెరిగినట్టు తేలితే దిద్దుబాటు మోతాదును పంపుతో కాక పెన్నుతోనో సిరంజితోనో ఇవ్వాలి. ఎంతన్నది వైద్యుడు ముందే రాసిచ్చి ఉండాలి. ఆ తర్వాతే కొత్త సెట్టు, కొత్త చోటు, కొత్త ఇన్సులిన్. నీళ్లు బాగా తాగుతూ గంట రెండు గంటలకోసారి మళ్లీ పరీక్షించుకోవాలి. వాంతులు ఆగకపోయినా, కీటోన్లు తగ్గకపోయినా ఇంట్లో ప్రయత్నాలు చాలించాలి.

మూత్రం స్ట్రిప్పులు ఏమీ లేనిదానికంటే నయమే కానీ, అవి గంటల కిందటి స్థితిని చెబుతాయి. కీటో అసిడోసిస్‌లో ఎక్కువగా పేరుకునే కీటోన్‌ను అవి పట్టుకోలేవు. లక్షలు పోసి పంప్ కొన్న కుటుంబం దగ్గర రక్త కీటోన్ మీటరు, పెన్ను, వెనకటి దీర్ఘకాలిక ఇన్సులిన్ మోతాదు రాసిన కాగితం లేకపోతే ఆ వైద్యం సగమే అందినట్టు. పంప్ రాసే వైద్యుడు, అమర్చే సంస్థ ఈ మూడూ ఉన్నాయని నిర్ధారించుకున్నాకే దాన్ని చేతికివ్వాలి.

జ్వరం వచ్చినప్పుడు తిండి తినడం లేదు కదా అని ఇన్సులిన్ ఆపేయడం మరో పొరపాటు. ఒంట్లో నలత ఉంటే ఇన్సులిన్ అవసరం తరచుగా పెరుగుతుంది. ఉపవాసంలోనూ, షుగరును మూత్రంలోకి పంపే గ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతున్నవారిలోనూ షుగరు పెద్దగా పెరగకుండానే కీటోన్లు పెరగవచ్చు. అప్పుడు పిండిపదార్థమూ ఇన్సులిన్ రెండూ కావాలి.

ఆసుపత్రికి చేరాక పంప్ వాడుతున్న సంగతి మొదటే చెప్పాలి. లేకుంటే కడుపునొప్పి, వాంతులను అజీర్తిగా పొరబడే అవకాశం ఉంది. రక్తం పీహెచ్ 7.3 కంటే, బైకార్బొనేటు 18 కంటే తగ్గితే, కీటోన్లు 3కు చేరితే నిర్ధారణ అయినట్టే. సెలైన్, పొటాషియం, నరం ద్వారా ఇన్సులిన్ చికిత్సకు ఆధారం. షుగరు 250కి దిగగానే ఇన్సులిన్ ఆపరు, గ్లూకోజు జోడించి కీటోన్లు పోయేదాకా కొనసాగిస్తారు. పిల్లల్లో మెదడు వాపు ముప్పును కనిపెట్టి ఉండాలి. కోలుకున్నాక కొత్త సెట్టుతో పంపును మొదలుపెట్టి, అది పనిచేస్తోందని తేలాకే నరంలోని ఇన్సులిన్ తీసేస్తారు. డిశ్చార్జికి ముందు పంపులోని రికార్డును, తీసేసిన కాన్యులాను, గుచ్చిన చోటును పరిశీలించి సరఫరా ఎక్కడ ఆగిందో తేల్చి, కుటుంబానికి వివరించాలి.