చుక్కల మందూ ఊళ్లోనే అందాలి

ప్రొద్దుటూరు, చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో కంటికి పెద్ద జబ్బొస్తే మెహిదీపట్నం బస్సెక్కాల్సిందే. సరోజినీదేవి ఆసుపత్రిలో శుక్లం తీయించుకున్నవారికి కొద్ది వారాల్లో చూపు తేటపడుతుంది. నీటికాసుల (గ్లాకోమా) సంగతి వేరు. సాధారణంగా జీవితాంతం రోజూ చుక్కలు వేసుకోవాలి. పోయిన చూపును ఆ మందు తిరిగి తేదు, మిగిలిన చూపును కాపాడుతుంది. నొప్పీ లేక, గుణమూ కనిపించక, పైగా కళ్లు మండుతుంటే మధ్యలో మానేసేవారు ఉండటంలో వింత లేదు. దాన్ని రోగుల నిర్లక్ష్యమని తోసిపుచ్చడమే తప్పు.

2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు, 2023లో రెండో విడతగా మళ్లీ ఊరూరా సాగింది. లక్షలాది మందికి అద్దాలు అందాయి. మెచ్చుకోవలసిన పనే. అయితే శిబిరం ఎత్తేశాక కూడా నీటికాసుల రోగికి నెలనెలా సీసా కావాలి. ఈ చుక్కలతో కంటి ఒత్తిడి ఒక్క మిల్లీమీటరు తగ్గినా జబ్బు ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గుతుందని స్వీడన్ అధ్యయనం 2003లోనే చూపింది. అంత మేలు చేసే మందు మధ్యలో ఆగకూడదు.

నీటికాసులకు వాడే లాటానోప్రోస్ట్ చుక్కల మందు 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరింది. అది కాగితం మీద ఉంటే చాలదు. బీపీ, షుగర్ మాత్రలతో పాటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి. సీసా తీసుకోవడానికి రాని రోగి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి కారణం కనుక్కోవాలి. టిమొలాల్ లాంటి చుక్కలు ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం కాబట్టి, మందు మార్చే నిర్ణయం మాత్రం డాక్టరుదే.

చుక్క వేసుకోవడం కూడా నేర్పాలి. వణికే చేతులతో వేసుకుంటే సగం చెంప మీదే జారిపోతుంది, సీసా నెల తిరక్కుండానే అయిపోతుంది. కంటికి ఒక్క చుక్క చాలు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు అదమాలి. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నిమిషాల వ్యవధి ఉండాలి. చీటీ రాసిచ్చి పంపేయకుండా, రోగి చేత, ఇంట్లోవాళ్ల చేత ఒకసారి వేయించి చూడాలి.

ఇందుకు కొత్త ఆసుపత్రులు అక్కర్లేదు, ఉన్న కేంద్రాలూ ఉన్న సిబ్బందీ చాలు. వచ్చే బడ్జెట్‌లోనే ప్రభుత్వం ఈ మందుకు నిధులు కేటాయించాలి. ఆలస్యంలో పోయే చూపును తర్వాత ఎంత ఖర్చుపెట్టినా తిరిగి తేలేం.