నీలం రంగు మురికి కాదు

కోనసీమలో కార్లు కడిగేచోట ఒక దురభిప్రాయం పాతుకుపోయింది: సైలెన్సరు మొన రంగు మారితే ఆసిడ్ పోసి, ఇనుప పీచుతో తోమాలట! దీనిని నేను ఖండిస్తున్నాను.

ఇత్తడి బిందెను చింతపండుతో తోమిన చేతులు మనవి. రంగు మారితే మురికి పట్టిందనే అనుకుంటాం. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ లెక్క చెల్లదు. అందులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. వేడికి ఆ పొర మందమైతే, నీటిపై నూనె తెట్టులో వలె, పసుపు, నీలం రంగులు కనిపిస్తాయి. నల్లగా అంటుకునేది మసి. దానికి సబ్బునీరు చాలు.

మరుగుదొడ్డి కడిగే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ రంగుతోపాటు ఆ రక్షణ పొరనూ తినేస్తుంది. ఇనుప పీచు తన రేణువులను అక్కడే వదిలి తుప్పుకు విత్తనం నాటుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపునుంచి వీచే ఉప్పుగాలి మిగతా పని పూర్తి చేస్తుంది.

కాలువగట్టున కడిగితే ఆ ఆసిడ్ నీరు పోయేది ఎక్కడికి? ధవళేశ్వరం నుంచి చేలకు వచ్చే గోదావరి నీటిలోకే కదా! ఒక గొట్టం మెరుపుకు ఇంత మూల్యమా?

మెరుపే కావాలంటే, గొట్టం చల్లారాక సబ్బునీటితో కడిగి, స్టీలు పాలిషును మెత్తని గుడ్డతో, లోహపు గీతల వెంటే రుద్దండి. మంచినీటితో కడిగి పొడిగా తుడవండి. అప్పటికీ నీలిఛాయ మిగిలితే ఉండనివ్వండి. కాదనేవారు నాతో ఎంతైనా వాదించవచ్చు. ఆసిడ్ సీసాను మాత్రం కాలువగట్టుకు తేవద్దు.