కుక్కకైతే పసరు పనిచేస్తుందా?

కామెర్లకు పసరు పోసేవాళ్లనూ, ముంజేతి మీద వాతలు పెట్టేవాళ్లనూ మనం ఎన్నేళ్లుగా ఏకిపారేస్తున్నాం! హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుందనీ, ఆ తగ్గుదలను పసరు వైద్యుడు తన ఖాతాలో వేసుకుంటాడనీ సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాం. తీరా ఇంట్లో ముసలి లాబ్రడార్‌కు లివర్ చెడిందనగానే మనవాళ్లే మూడు రకాల సప్లిమెంట్లు కొంటున్నారు. "నెలలో ఎస్‌జీపీటీ సగానికి పడింది, చూడండి" అని ఒక మిత్రుడు నాకు రిపోర్టు చూపించాడు. పసరు వైద్యుడి మాటా ఇదే కదండీ అంటే ఆయనకు కోపం వచ్చింది. ఇది సైంటిఫిక్ అట. పైగా కుక్క సంగతట. 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల ప్రకటనల చట్టం నిర్వచనాల్లో మనుషులతో పాటు జంతువులనూ చేర్చారు. చట్టం రాసినవాళ్లకు తట్టింది మనకు తట్టలేదు.

ఎస్‌జీపీటీ అంటే లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైము. రోజుల తేడాలోనే పెరుగుతుంది, తగ్గుతుంది. కుక్క బాగా నీరసపడ్డ రోజునే కదా మనం రక్తం తీయిస్తాం! మళ్లీ తీయిస్తే, ఏమీ ఇవ్వకపోయినా, చాలాసార్లు అంకె తక్కువే వస్తుంది. ఈలోగా డాక్టరుగారు ఏ స్టెరాయిడో ఆపించి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఇంతకంటే చేదు సంగతి ఒకటుంది. లివర్ గట్టిపడిపోయి, కారడానికి కణాలే మిగలనప్పుడు కూడా ఈ అంకె పడిపోతుంది. అందుకే ఆల్బుమిన్, బిలిరుబిన్, బైల్ యాసిడ్స్ చూడకుండా ఎస్‌జీపీటీతో సంబరపడకూడదు.

"అంకెలు వదిలేయండి, వాడు హుషారయ్యాడు" అంటారు. ఆ హుషారును కొలిచిందెవరు? కీళ్ల నొప్పులతో కుంటుతున్న 58 కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చిన అధ్యయనం ఒకటి 2012లో అచ్చయింది. కాలు ఎంత బలంగా మోపుతోందో యంత్రంతో కొలిచారు. మార్పేమీ లేదని యంత్రం చెప్పిన కుక్కలు కూడా మెరుగయ్యాయని యజమానుల్లో చాలామందే చెప్పారు. పశువైద్యులూ తక్కువ తినలేదు. కుక్కకు ప్లాసిబో ఏమిటండీ అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. అది పనిచేసేది మన మీద.

అన్నిటినీ ఒకే గాటన కట్టను. ఎస్-అడెనోసిల్ మిథియోనిన్, సిలిబిన్ కలిపిన మాత్ర మీద 2011లో ఒక ప్రయోగం వచ్చింది. లోముస్టిన్ అనే క్యాన్సర్ మందు వాడుతున్న కుక్కల్లో, ఈ మాత్ర వేయనివాటిలో 84 శాతానికి లివర్ ఎంజైములు పెరిగితే, వేసినవాటిలో 68 శాతానికి పెరిగాయి. ఇది సాక్ష్యమే, ఒప్పుకుంటాను. కాకపోతే ఒక మందు చేసే కీడును తగ్గించడానికి సాక్ష్యం. ముసలి కుక్కకు ఏళ్లుగా ముదిరిన జబ్బు నయమవుతుందనడానికి కాదు. ఇక మనుషుల సంగతి. సిలిమారిన్‌ను 154 మంది హెపటైటిస్-సి రోగుల మీద పరీక్షిస్తే (2012) ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనిపించలేదు. లివ్.52ను మద్యంతో లివర్ చెడిన 80 మంది మీద శ్రీలంకలో పరీక్షించారు. 2003లో వచ్చిన ఫలితమూ అంతే.

"పోనీ, ఇస్తే పోయేదేముంది?"

కాలం పోతుంది. స్కాన్, అవసరమైతే బయాప్సీ చేయించి అసలు జబ్బేమిటో తేల్చుకోవాల్సిన నెలలు సీసాల మీద గడిచిపోతాయి. లాబ్రడార్లలో లివర్‌లో రాగి పేరుకుపోయే జబ్బు ఉంది. దానికి పెనిసిలమిన్ అనే మందుంది, రాగి తక్కువున్న తిండి పెట్టాలి. మన మిత్రుడేమో లివర్‌కు లివరే బలమని ఎవరో చెబితే వారానికి రెండుసార్లు మేక కార్జం ఉడికించి పెడుతున్నాడు! వాల్‌నట్ మెదడులా ఉంది కాబట్టి మెదడుకు మంచిదన్న బాపతు తర్కమిది. కార్జంలో రాగి దండిగా ఉంటుంది. కొన్ని టానిక్కుల్లోనూ లివర్ ఎక్స్‌ట్రాక్ట్ కలుపుతారు, లేబుల్ చదవండి. ఇంకొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మాంసం, గుడ్డు మాన్పించి ఉత్త పెరుగన్నంతో కుక్క కండంతా కరిగిస్తారు. తూలడం, గోడకు తల ఆనించి నిలబడిపోవడం లాంటి మెదడు లక్షణాలు కనిపిస్తే తప్ప ప్రొటీన్ తగ్గించాల్సిన పనిలేదు. అవి కనిపించినప్పుడు ఇవ్వడానికి లాక్టులోజ్ ఉంది.